లక్ష్య విమానాలకు పల్స్‌జెట్ ఇంజన్లు: పనితీరు, పరిమితులు

గగనతల రక్షణ క్షిపణి దళాల సన్నద్ధతను పరీక్షించుటకు శత్రు విమానాన్ని పోలిన, పైలట్ లేని లక్ష్యాలు అవసరం. 2023 డిసెంబరులో బాపట్ల సమీపంలోని సూర్యలంక వైమానిక దళ కేంద్రంలో జరిగిన ‘అస్త్రశక్తి’ విన్యాసాలలో ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఏకకాలంలో 4 మానవరహిత లక్ష్యాలను ఛేదించింది. ఆకాశ్ క్షిపణులను హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ లిమిటెడ్ ఉత్పత్తి చేస్తున్నది.

క్షిపణి తాకిన లక్ష్యం తిరిగి రాదు. అందువల్ల దాని ఇంజన్ ధర కీలకం. పల్స్‌జెట్‌లో కంప్రెసర్, టర్బైన్ ఉండవు. ముందుభాగంలోని పలుచని రేకు కవాటాల గుండా ప్రవేశించిన గాలి ఇంధనంతో కలిసి మండుతుంది. ఆ పీడనానికి కవాటాలు మూసుకొని, వేడి వాయువులు వెనుక గొట్టం నుండి వెలువడి విమానాన్ని ముందుకు నెడతాయి. పీడనం తగ్గగానే కవాటాలు తిరిగి తెరుచుకుంటాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత రైతులకు సుపరిచితమైన పంపుసెట్ ఫుట్‌వాల్వు నీటిని ఒకే దిశలో పోనిచ్చినట్లే, ఈ కవాటాలు గాలిని ఒకే దిశలో అనుమతిస్తాయి. 1944లో జర్మనీ లండన్‌పై ప్రయోగించిన వి-1లో ఈ ప్రక్రియ సెకనుకు 40కి పైగా పర్యాయములు జరిగేది.

అధిక ఇంధన వినియోగం, తీవ్ర శబ్దం, ప్రకంపనలు, కవాటాల అరుగుదల ఈ ఇంజన్ పరిమితులు. డీఆర్‌డీఓ రూపొందించిన వాటిలో, పారాచూట్‌తో దించి తిరిగి వినియోగించగల ‘లక్ష్య’కు టర్బోజెట్, ‘అభ్యాస్’కు చిన్న గ్యాస్ టర్బైన్ ఇంజన్ అమర్చారు. 2024 జూన్‌లో ఒడిశాలోని చాందీపూర్‌లో అభ్యాస్ వరుసగా 6 పరీక్షలను విజయవంతంగా పూర్తి చేసింది.

లక్ష్యం చౌకైనచో దళాలకు శిక్షణావకాశాలు పెరుగుతాయి. అది నిలకడగా ఎగరనిచో ఆ శిక్షణ వృథా అవుతుంది. ఈ రెండింటి సమతూకమే ఇంజన్ ఎంపికలో ప్రధానాంశం.