ఏడు తరగతులు, మూడు గదులు

ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లో చిన్న ఊరికి మారిన తెలుగు కుటుంబానికి ఇంటి దగ్గర దొరికే సర్కారు ప్రైమరీ బడి పేరులో ‘చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్’ అని ఉండడం మామూలే. ఆ చర్చికి అనుబంధంగా సుమారు 4,600 బడులున్నాయి. దేశంలోని ప్రైమరీ బడుల్లో దాదాపు నాలుగో వంతు ఇవే. ఫీజు ఉండదు, నడిచేది ప్రభుత్వం డబ్బుతోనే. చేర్పించే ముందు మనవాళ్లకు వచ్చే మొదటి సందేహం: బైబిలు ఎంతసేపు చెబుతారు? దానికి జవాబు చిన్నదే, తర్వాత చూద్దాం. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. మా వాడి గదిలో ఇంకా ఏయే తరగతుల పిల్లలు కూర్చుంటారు? ఇప్పుడు నడుస్తున్నది ఏ ఏడాది పాఠాలు?

లెక్క తేలడానికి 63 మంది పిల్లలున్న బడి ఒకటి ఊహించుకుందాం. నాలుగేళ్లకు చేరే రిసెప్షన్ నుంచి పదకొండేళ్లకు బడి వదిలే ఇయర్ 6 దాకా ఏడు తరగతులు, తరగతికి 9 మంది. తరగతికో టీచరును పెట్టుకోవడం అయ్యే పని కాదు. 2023-24లో జాతీయ నిధుల సూత్రం ప్రకారం ప్రైమరీలో తలకు 3,394 పౌండ్లు, బడి పెద్దదైనా చిన్నదైనా ఒకే తీరున ఇచ్చే మొత్తం 1,28,000 పౌండ్లు. మిగతా పద్దులు పక్కన పెడితే మన బడికి వచ్చేది 3,41,822. అందులో ఆ స్థిరమైన మొత్తం వాటా 37 శాతం పైచిలుకు. 210 మంది ఉన్న బడిలో దాని వాటా 15 శాతమే. ఇద్దరు పిల్లలున్న ఒక్క కుటుంబం ఊరు విడిచిపోతే, ఏడాదికి 6,788 పౌండ్లు కూడా వాళ్లతో పోతాయి. టీచరు జీతం మాత్రం ఒక్క పౌండు తగ్గదు.

అందుకే ముగ్గురు టీచర్లు, మూడు గదులు. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లల్ని ఒక టీచరు దగ్గర 30 మందికి మించి కూర్చోబెట్టకూడదని చట్టం ఉంది. మూడు తొమ్ములు 27 కాబట్టి వాళ్లంతా మొదటి గదిలో సర్దుకుంటారు. తరగతికి 11 మంది చేరితే 33 అవుతారు, పైనున్న ఆ ముగ్గురి కోసం మరో టీచరు కావాలి. ఇయర్ 3, 4 రెండో గదిలో, 5, 6 మూడో గదిలో.

ఇక పాఠాలు. వయసును బట్టి మెట్టుమెట్టుగా ఎక్కాల్సినవి కొన్ని, ఏ వరసలో చెప్పినా నష్టం లేనివి కొన్ని. చదవడం, లెక్కలు మొదటి రకం. ఇయర్ 1 పిల్లలకు జూన్‌లో 40 మాటలు చదివించి చూస్తారు. వాటిలో సగం అర్థం లేని కల్పిత పదాలు, గుర్తుపట్టి కాకుండా అక్షరాల ధ్వని కూడబలుక్కుని చదువుతున్నారో లేదో తెలియడానికి. కాబట్టి ఆ ధ్వనుల పాఠానికి రిసెప్షన్ పిల్లల్ని, ఇయర్ 1 పిల్లల్ని వేరే గుంపులుగా విడదీయక తప్పదు.

రెండో గదిలో లెక్కల గంట చూడండి. ఇయర్ 3కి 3, 4, 8 ఎక్కాలు రావాలి. ఇయర్ 4 అయ్యేలోపు పన్నెండో ఎక్కం దాకా రావాలి. ఆ జూన్‌లో వాళ్లకు కంప్యూటర్ మీద 25 ప్రశ్నల పరీక్ష, ఒక్కో జవాబుకు 6 సెకన్లే. గంట మొదలవగానే పెద్ద తొమ్మిది మంది నిన్నటి లెక్కల్లో కొన్నింటిని ముందేసుకుంటారు, సహాయకురాలు వాళ్ల దగ్గర ఉంటుంది. టీచరు చిన్న తొమ్మిది మందిని కార్పెట్ మీద కూర్చోబెట్టుకుని, నాలుగో ఎక్కాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిదో ఎక్కం వస్తుందని చూపిస్తుంది. నాలుగు ఆర్లు 24, ఎనిమిది ఆర్లు 48. పాతిక నిమిషాలకు గుంపులు మారతాయి. ఇలా ఒక్కో తరగతికి టీచరు నేరుగా దక్కేది గంటలో 25 నిమిషాలే. సగం కూడా లేదని అనిపిస్తుంది కానీ, తొమ్మిది మంది పంచుకుంటే తలకు 2.8 నిమిషాలు. 30 మంది ఉన్న గదిలో పూర్తి గంట దక్కినా తలకు రెండే.

ఇలా గదులు కలపడం మన వీధిబడికి కొత్తేమీ కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథాశ్రమం బడి చూసుకోవడానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, ఇక్కడి బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో దాని మీద పుస్తకం అచ్చు వేయించాడు. 1811లో పేదపిల్లల చదువు కోసం చర్చి పెట్టిన నేషనల్ సొసైటీ నడిపింది ఆ ‘మద్రాసు పద్ధతి’నే. మన వైపు లెక్క కూడా ఉంది: 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని రాశాడు. వాటిలో 226 తెలుగు బడులు. సగటున బడికి పన్నెండు మంది. పై పిల్లలు కింది పిల్లలకు చెప్పే తీరును ఆయన మెచ్చుకున్నాడు.

మళ్లీ పాఠాలకొస్తే, చరిత్ర, భూగోళం, సైన్సు రెండో రకం, ఏ వరసలో చెప్పినా నష్టం లేనివి. వీటిని రెండేళ్ల చక్రంలో తిప్పుతారు. జాతీయ పాఠ్యప్రణాళిక భూమి-అంతరిక్షాన్ని ఇయర్ 5 కింద, జీవపరిణామాన్ని ఇయర్ 6 కింద చూపిస్తుంది. ఇయర్ 6 ముగిసేలోపు రెండూ అయితే చాలు. అందుకని మూడో గదిలో ఒక ఏడు 18 మందికీ అంతరిక్షం, మరుసటి ఏడు 18 మందికీ పరిణామం. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఇది చక్కగా అమరుతుంది. చిక్కు మధ్యలో చేరేవాళ్లకే, అంటే ఎక్కువగా మనవాళ్లకే. పెద్ద బడిలో ఇయర్ 5లో గ్రహాలన్నీ చదివేసి ఇయర్ 6కి ఇక్కడికి వచ్చిన పిల్ల, ఆ ఏడు అంతరిక్షం నడుస్తుంటే అవే గ్రహాలు మళ్లీ చదువుతుంది, పరిణామం ఆమెకు తగలనే తగలదు. చేర్చేటప్పుడే చెబితే టీచరు విడిగా సర్దగలదు. బడి తనంతట తాను అడుగుతుందని నమ్ముకోవద్దు.

మతం సంగతికి వద్దాం. పొద్దున 8:45 నుంచి 3:15 దాకా బడి అంటే వారానికి 32.5 గంటలు. సామూహిక ప్రార్థన రోజూ జరగాలని చట్టమే చెబుతుంది. పావుగంట చొప్పున వారానికి 75 నిమిషాలు. మతబోధనకు బోధనా సమయంలో కనీసం 5 శాతం, వీలైతే 10కి దగ్గరగా ఇవ్వాలంటుంది చర్చి. భోజనం, విరామం, ప్రార్థన తీసేస్తే మిగిలే 25 గంటల్లో 5 శాతం మరో 75 నిమిషాలు. మొత్తం రెండున్నర గంటలు, ఎనిమిది శాతం లోపు. మతబోధనలో కనీసం సగం క్రైస్తవం, మిగతాదాంట్లో హిందూ, ఇస్లాం వంటి ఇతర మతాలూ వస్తాయి. ఈ రెండింటి నుంచీ పిల్లల్ని తప్పించమని కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఆ పావుగంటకు 63 మందీ ఒకే హాల్లోకి వస్తారు కాబట్టి, టీచర్లకు అది ఊపిరి పీల్చుకునే వేళ కూడా.

ఎందుకంటే తీరిక సంపాదించడం ఇక్కడ పెద్ద లెక్క. బోధనా సమయంలో పదో వంతు పాఠాల తయారీకి వదలాలని టీచర్ల ఉద్యోగ నిబంధన. ముగ్గురికీ కలిపి వారానికి ఏడున్నర గంటలు. ఆ ఏడున్నర గంటలూ క్లాసులు చూసేది ఎక్కువగా హెడ్ టీచరు, లేదా ఆటల కోచ్.

ఫలితాల పట్టిక చూసి ఇలాంటి బడిని తూచడం దండగ. తొమ్మిది మందిలో ఒక్కడికి ఆ రోజు జ్వరం వస్తే బడి శాతం 11 పాయింట్లు పడిపోతుంది. పట్టిక కన్నా చేరికల సంఖ్య చూడండి. 63 కాస్తా 42కి దిగితే టీచర్లు ఇద్దరే మిగలవచ్చు. అప్పుడు ఇయర్ 3 నుంచి 6 దాకా 24 మంది ఒకే గదిలో, రెండేళ్ల చక్రం నాలుగేళ్లదవుతుంది. ఇయర్ 3లో విన్న రోమన్ల పాఠం మళ్లీ ఆ గదికి వచ్చేసరికి ఆ పిల్లవాడు హైస్కూలు పిల్లవాడు.