మీకు తెలుసా? పక్షవాతం మెదడుకు... లెక్క గుండెకూ!

• పక్షవాతం నుంచి కోలుకునే తీరుకూ గుండె వేగానికీ సంబంధం ఉంది. 20,165 మంది రోగులపై 2012లో వెలువడిన విశ్లేషణలో, విశ్రాంతిలో నాడి నిమిషానికి 77 లేదా అంతకు మించి ఉన్నవారికి మరణ ముప్పు ఎక్కువగా కనిపించింది. మళ్లీ పక్షవాతం వచ్చినవారిలో నాడి నెమ్మదిగా ఉన్నవారే మెరుగ్గా కోలుకున్నారు. అయితే వేగమే కారణమని తేలలేదు. కాబట్టి నాడి తగ్గించుకోవడానికి సొంతంగా మాత్రలు వేసుకోకూడదు.

• గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. మణికట్టుపై రెండు వేళ్లు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. లయలో తేడా ఉంటే ఈసీజీ తీయించుకోండి.

• మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఢిల్లీలో 102కి, నోయిడా, గురుగ్రామ్‌లలో 112కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా 4.5 గంటలే. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పోయే సమయాన్నీ అందులోంచే తీసెయ్యాలి!