ఇంకిన నీటికి లెక్క ఎంత?

బావి త్రవ్వించు రైతుకు సందేహములు రెండు: నీరు పడునా, పడిన నీరు నిలుచునా? రెండవ దానికి జవాబు చెప్పుటకు ఏటేట భూమిలోనికి ఎంత నీరు ఇంకుచున్నదో తెలియవలెను. తోడిన నీటిని మోటారు నడచిన గంటలనుబట్టి లెక్కకట్టవచ్చును. ఇంకిన నీరు కంటికి కనబడదు.

బంకమన్ను బాగుగా కలిసిన శిథిల రాతినేలలలో వర్షపు నీటిలో నూటికి 5 మొదలు 9 పాళ్లు ఇంకునని 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ సూచించినది. తేడా స్వల్పముగా తోచును. కాని 100 సెంటీమీటర్ల వర్షము కురియు ఒక గ్రామమున బావులన్నియు కలిసి సాలుకు 6 సెంటీమీటర్ల నీరు తోడుచున్నవనుకొందము. ఇంకినది 5 సెంటీమీటర్లయినచో వాడకము నూటికి 120. ఊరు మితిమీరి తోడుచున్నదని క్రొత్త బావులకు ఆంక్ష వచ్చును. ఇంకినది 9 అయినచో వాడకము 67, భయము లేదందురు. నేల అదే, బావులు అవే!

విశాఖపట్టణములోని ఆటోనగర్ వంటి చోట చిక్కు మరింత పెద్దది. అచట వర్షము రేకుల కప్పులపైన, సిమెంటు నేలపైన పడి మురుగుకాలువల పాలగును. పొలమునకు వేసిన పాళ్లు అచట చెల్లవు. మరొక ప్రక్క మంచినీటి గొట్టముల నుండి కారిన నీరు నేలలో చేరును. ఏది ఎంతయో కొలిచినగాని తెలియదు. ఎగువ నేల ఈ విధముగా కప్పబడినచో దిగువ బావులకు ఊట తగ్గవచ్చునని నగరపు అంచున సాగుచేయు రైతులు గమనింపవలెను.

ఇప్పుడు భూగర్భజలముల నమూనాను కంప్యూటరులో కట్టి బావుల మట్టములతో సరిచూచుచున్నారు. మట్టములు సరిపోయినంత మాత్రమున నమూనా సరియైనదనుటకు వీలులేదు. ఇంకు నీటిని రెట్టింపు వేసి, నేలపొర నీటిని సాగనిచ్చు శక్తిని గూడ రెట్టింపు వేసినచో ఇంచుమించు అవే మట్టములు వచ్చును. లోపము క్రొత్త మోటార్లు బిగించిన తరువాతనే బయటపడును. తీరమున ఇది మరీ ప్రమాదము. సముద్రమట్టముపై మంచినీరు 1 మీటరు ఎత్తున నిలిచిన చోట ఉప్పునీరు సుమారు 40 మీటర్ల లోతున ఆగియుండును. ఆ ఎత్తు అరమీటరు తగ్గినచో ఉప్పునీరు క్రమముగా 20 మీటర్లు పైకి వచ్చును.

కనుక నమూనాను తక్కువ, ఎక్కువ అంకెలు రెంటితోను నడిపి చూడవలెను. అంతకంటె మేలైనది కొలత. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి, మోటారు ఆపి ఊట తేరుకొనిన పిదప తెల్లవారుజామున బావి మట్టము కొలిచి వ్రాసికొనుడు. వాన లేని వేసవి వారములలో ఎంత తోడగా ఎంత దిగినదో చూచినచో నేల నీటిపట్టు తేలును. ఆ పట్టు నూటికి ఒకటిన్నర పాళ్లయి, వానలకు మట్టము 4 మీటర్లు పెరిగినచో చేరిన నీరు 6 సెంటీమీటర్లు. వానకాలమున తోడినది దీనికి కలుపుకొనవలెను.

2000 తరువాతి దశకమున అనంతపురము, ప్రకాశము మొదలగు ఏడు జిల్లాల రైతులు భూగర్భజల యాజమాన్య పథకము క్రింద వర్షమును, బావి మట్టములను స్వయముగా కొలిచి, రబీకి ముందే ఊరి నీటి జమాఖర్చు వ్రాసికొనిరి. మన రైతులును తక్కువ అంకెకు చాలినంత పంటనే ముందు నిర్ణయించుకొనవచ్చును. నవంబరు మట్టము బాగున్నచో మరికొంత విస్తీర్ణము చేర్చుకొనుటకు అడ్డులేదు.