జీపుబండి షాఫ్టు – కందెన మరచిన కథ



ఎద్దుబండికి కందెన పెట్టకుండ ప్రయాణము కట్టిన రైతును మన పెద్దలు మందలించెడివారు. ఆముదమున గడ్డిమసి కలిపిన కందెన బుడ్డి బండి క్రింద వ్రేలాడుచుండగా చూచిన కన్నులు మీలో ననేకులకు గలవు. నేనును చూచినవాడనే. అయినను, ఆముదము పోయి గ్రీజు వచ్చినంత మాత్రమున ఆ నీతిని మరచితిని. దాని ఫలముగా పోయిన మాఘమాసమున ఒక కనుమదారిలో నేను పడిన పాట్లును, పిదప నర్సీపట్నములో ఒక చిన్న లేతుమిషను మేస్త్రీ నా జీపుబండి షాఫ్టును తిరిగి నిర్మించిన తీరును ఈ సాయంకాలము మీకు విన్నవింతును.

మా గ్రామము నర్సీపట్నమునకు దాపున నున్నది. నా బండి పాత మహీంద్రా జీపు. చింతపల్లిలో బంధువుల ఇంట శుభకార్యమునకై మా పిన్నిగారిని, ఆమె మనుమని, రెండు బస్తాల బియ్యమును ఎక్కించుకొని ఉదయమే బయలుదేరితిని. డౌనూరు దాటిన పిదప లంబసింగి కనుమ మొదలగును. ఒక మలుపున రెండవ గేరులో ఎక్కుచుండగా బండి క్రింద ఫెళ్ళుమని చప్పుడైనది. ఇంజను గట్టిగా రొద చేసెను గాని బండి ముందుకు పోలేదు. మరుక్షణమున వెనుకకు జారనారంభించెను. చేతిబ్రేకు లాగితిని, అది పట్టలేదు. ఇంజనాపి గేరులోనే యుంచితిని; అదియు నిలుపలేదు. కాలిబ్రేకును ఒంటిబరువంతయు మోపి త్రొక్కగా బండి ఆగినది. కుర్రవాడు దూకి వెనుక చక్రముల క్రింద రెండు రాళ్ళు పెట్టెను. చక్రములకును లోయ అంచునకును నడుమ రెండు బారల నేల మాత్రమే మిగిలియుండెను. పిన్నిగారు ఒక్క మాటయైన పలుకలేదు. నాకు మాత్రము చేతులు చాలసేపు వణకినవి.

చేతిబ్రేకు ఏల పట్టలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిన యెడల షాఫ్టు అననేమో సగము తెలిసినట్లే.

జీపు క్రిందికి వంగి చూచినచో నడుమనున్న గేరు పెట్టెనుండి వెనుక ఇరుసునకు పోవు ఒక ఇనుప గొట్టము కనబడును. మణికట్టుకంటె కొంచెము లావు. దీనినే మెకానిక్కులు ప్రొపెల్లరు షాఫ్టు అందురు. ఇట్టిదే ముందు ఇరుసునకును ఒకటి కలదు. ఇంజను బలము చక్రములను చేరుటకు ఇదే దారి. పాత జీపులలో చేతిబ్రేకు చక్రముల యొద్ద నుండదు. గేరు పెట్టె వెనుక, ఈ షాఫ్టు మొదట నుండును. షాఫ్టును పట్టి నిలిపిన చక్రములు నిలుచును. షాఫ్టు విరిగినచో చేతిబ్రేకు గాలిని పట్టుకొన్నట్లే. ఇంజనును గేరులో నుంచియు లాభము లేదు. దారియే తెగినది గదా. కాలిబ్రేకు ఒక్కటియే చక్రముల యొద్ద పనిచేయును గనుక మేము బ్రతికితిమి.

గొట్టమునకు రెండు కొసలను రెండు కీళ్ళుండును. ఇరుసు కమానులపై ఎగిరిపడుచుండును. గేరు పెట్టె కదలక యుండును. ఈ రెంటి నడుమ కీలు లేని కడ్డీ యున్నచో మొదటి గోతిలోనే విరుగును. రెండు చెవుల పంగ నొకదానిని, దానికి అడ్డముగా మరియొక పంగను ఎదురెదురుగా నుంచి, నడుమ కూడిక గుర్తు వంటి ఉక్కు ముక్కను అమర్చినచో కీలు సిద్ధము. ఆ ముక్కను క్రాసు అందురు. దాని నాలుగు కాళ్ళకు నాలుగు చిన్న కప్పులు. ప్రతి కప్పులో సూదులవంటి సన్నని ఉక్కు కడ్డీలు వలయముగా పేర్చియుండును. ఈ సూదుల నడుమ నుండవలసినది గ్రీజు. అదే నేటి కందెన.

ఈ కీలు ఊహ పాతది. ఇటలీ దేశస్థుడు గిరోలామో కార్డానో (1501–1576) పేరిటను, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ (1635–1703) పేరిటను దీనిని పిలుతురు. మోటారు బండ్లకు దీనిని చక్కగా అలవరచినవారిలో అమెరికా దేశస్థుడగు క్లారెన్స్ స్పైసర్ ముఖ్యుడు. ఆయన 1903లో పేటెంటు పొంది, మరుసటి యేడు న్యూజెర్సీ రాష్ట్రమున తయారీ మొదలుపెట్టెను.

ఈ కీలునకు ఒక వక్రబుద్ధి కలదు. అది వంగి తిరుగునపుడు, ఒకవైపు సమముగా త్రిప్పినను రెండవవైపు సమముగా తిరుగదు. ఒక్కొక్క చుట్టులో రెండు మారులు వడి హెచ్చును, రెండు మారులు తగ్గును. అందుచేతనే రెండు కీళ్ళు. మొదటిది చేసిన తప్పును రెండవది దిద్దును. కాని దిద్దవలెనన్న రెండు నియమములు కలవు. రెండు కీళ్ళ వంపులును సమానముగా నుండవలెను. గొట్టము రెండు కొసలనున్న పంగలు ఒకే తీరున నిలువవలెను. ఒకదాని చెవులు నిలువుగా నున్నపుడు రెండవదాని చెవులును నిలువుగా నుండవలెను. లేనియెడల తప్పు దిద్దుబాటు కాక రెట్టింపగును.

ఇక మరల కనుమకు వత్తును. పిన్నిగారిని, కుర్రవానిని, బియ్యమును వెనుక వచ్చిన బస్సులో చింతపల్లికి పంపితిని. తెగి వ్రేలాడుచున్న షాఫ్టును బోల్టులు విప్పి తీసివైచితిని. ముందు ఇరుసు మీటను వేయగా ముందు షాఫ్టు పనిలోనికి వచ్చెను; దాని మూలముగా చేతిబ్రేకునకును పట్టు దొరకినది. ముందు చక్రముల బలముతోనే, నడక వేగమున, నర్సీపట్నము చేరితిని.

మేస్త్రీ దుకాణము రేకుల పాక. ఒక లేతు, ఒక వెల్డింగు పెట్టె, ఇద్దరు శిష్యులు. ఆయన షాఫ్టును కిరసనాయిలులో కడిగి, విరిగిన కీలును వ్రేళ్ళతో తడవి, “బాబుగారూ, ఇది ఇరిగింది కాదండి, ఎండిపోయింది” అనెను. కప్పులు విప్పగా సూదులకు బదులు ఎర్రని త్రుప్పుపొడి రాలినది. క్రాసు కాళ్ళపై సూదులు త్రొక్కిన గాళ్ళు పడియున్నవి. గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయినదని ఆయన అడుగలేదు. అడుగకపోవుటచేతనే నాకు సిగ్గు హెచ్చినది.

అంతటితో పోలేదు. షాఫ్టు నడుమ ఒక జారుడు కొస యుండును. కత్తి ఒరలోనికి పోవునట్లు, నిలువు గాళ్ళు గల కడ్డీ అట్టి గాళ్ళే గల ఒరలోనికి జారుచుండును. ఇరుసు క్రిందుమీదులగునపుడు షాఫ్టు నిడివి పెరుగుచు తరుగుచు నుండవలెను గదా. ఆ కడ్డీ మీదను ఒర మీదను చెరియొక బాణపు గుర్తు కలదు. రెండును ఎదురెదురుగా నుండవలెను. నా షాఫ్టులో అవి ఎడముగా నున్నవి. “దీన్ని ఎవరిప్పారండి?” అని మేస్త్రీ అడిగెను. క్రిందటి యేడు ఇంటివద్ద నూనె కారుచున్నదని విప్పి, గుర్తు చూడక మరల దూర్చినవాడను నేనే. నాటినుండి బండి అదురుచునే యున్నది. ముసలి బండి గదాయని సరిపెట్టుకొంటిని. మోకాళ్ళ నొప్పిని వయస్సు మీద వేసి వైద్యుని యొద్దకు పోని వారివలె, నా తప్పును బండి వయస్సు మీద వైచితిని.

కొత్త షాఫ్టు తెప్పింపవచ్చును. కాని జారుడు కొస చెడలేదనియు, దానిని నిలుపుకొని మిగిలినది కట్టవచ్చుననియు మేస్త్రీ చెప్పెను. నేలకు కొట్టుకొని గొట్టము సొట్టపడి వంగియున్నది. సుత్తితో సరిచేయుమంటిని. ఆయన ఒప్పుకొనలేదు. సొట్టపడిన గొట్టము తిన్నగా కనబడినను బలము తిరిగి రాదట. లావు సరిపోవు నీటి గొట్టము ముక్క మా ఇంట నున్నది, తెత్తునా యంటిని. “నీళ్ళ గొట్టం నీళ్ళకేనండి” అని నవ్వెను. నీటిగొట్టము గోడ అంతటను ఒకే మందమున నుండదు. మెలితిప్పు బలమునకు ఉద్దేశింపబడినది కాదు. షాఫ్టులకై చేసిన ఉక్కు గొట్టమునే తెప్పించెను. గొట్టమేల, నిండు కడ్డీయే పెట్టరాదా యని మీరడుగవచ్చును. వెదురును తలచుకొనుడు. మెలితిప్పును అడ్డుకొనునది ముఖ్యముగా అంచునందలి పదార్థమే. నడిమి ఇనుము బరువు పెంచునే గాని బలము కొద్దిగానే యిచ్చును.

తరువాతి పని నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. బండిని నాలుగు చక్రముల మీద నిలిపియే నిడివి కొలిచెను. జాకీపై ఎత్తి కొలిచిన ఇరుసు వ్రేలాడి లెక్క తప్పును. జారుడు కొస ఒరలో నడిమికి వచ్చునట్లు నిడివి నిర్ణయించెను. ఎక్కువైన గోతిలో పొడుచుకొనును, తక్కువైన ఊడివచ్చును. లేతుమీద పాత వెల్డింగు అంచును కోసి మంచి కొసను గొట్టమునుండి వేరుచేసెను. విరిగిన వైపు పంగ చెవి రంధ్రము గ్రుడ్డువలె సాగియుండుటచే కొత్త పంగ పెట్టెను. రెండు పంగలను ఒకే మట్టమున నిలిపి, గొట్టము చుట్టు నాలుగు చోట్ల మాత్రము చుక్కలవలె వెల్డింగు పెట్టెను. అటుపిమ్మట లేతులో మెల్లగా త్రిప్పుచు ముల్లు గడియారము వంటి కొలతసాధనము నానించెను. ముల్లు అంగుళములో వేయవవంతులను చూపును. “పది తౌకి మించకూడదండి” అనెను. తౌ అనగా అంగుళములో వేయవవంతు. మొదట 30 చూపినది. అటునిటు తట్టి, 8కి దించి, అప్పుడు మాత్రమే పూర్తి వెల్డింగు చేసెను. అదియు ఒక్క వరుసగా కాదు. ఒకవైపు కొంచెము, ఎదుటివైపు కొంచెము. లేనియెడల చల్లారునపుడు ఇనుము ఒకవైపునకు లాగునట. చల్లారిన పిదప మరల కొలిచెను.

ఇంత చేసినవాడు చివరకు, “తూకం చూసే మిషను నా దగ్గర లేదండి” అని చెప్పి, షాఫ్టును గాజువాక ఆటోనగరుకు పంపించెను. నా బండిలో చక్రమొకమారు తిరుగునప్పటికి షాఫ్టు 5 మారులకు పైగా తిరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు 2,000 చుట్లు దాటును. ఒకవైపు చిన్న బరువు ఎక్కువైనను అంత వేగమున సమ్మెటవలె కొట్టును. వేగము రెట్టింపైన ఆ దెబ్బ నాలుగు రెట్లగును. అక్కడ గొట్టముపై చిన్న ఇనుప బిళ్ళ నొకదానిని అతికి సరితూచి పంపిరి. తనకు లేని సాధనమును లేదని చెప్పిన ఆ ఒక్క మాటచే మేస్త్రీపై నాకు గౌరవము ఇనుమడించినది.

కొత్త క్రాసులు బిగించునపుడు శిష్యులలో చిన్నవాడు ప్రతి కప్పులోను సూదులను గ్రీజుతో నిలబెట్టెను. ఒక సూది అడ్డముగా పడినను కప్పు చివరివరకు దిగదు. సుత్తితో దింపిన సూది విరుగును. బిగించిన కీలు చేతితో నలుదెసల వంగవలెను. వదులుగా ఊగరాదు, బిగిసి పోరాదు. బాణములను నన్నే కలుపుమనిరి. కలిపితిని.

ఇప్పుడు మీకు పనికివచ్చు నాలుగు మాటలు. బండి కదలునపుడు టక్కుమనుట, మెల్లగా పోవునపుడు పిట్ట అరచినట్లు కిచకిచలాడుట, ఒక వేగమున అదురుట, కప్పుల యొద్ద ఎర్రని పొడి కనబడుట: ఇవి కీలు పెట్టు మొర. చక్రములకు రాళ్ళు పెట్టి, షాఫ్టును చేతితో పట్టి అటునిటు మెలిపెట్టి చూడుడు. కీలులో ఆట తెలియును. షాఫ్టు విప్పు ముందు రాళ్ళు పెట్టుట మరువకుడు. పాత జీపులలో చేతిబ్రేకు అప్పుడు లేనట్లే. విప్పుటకు ముందు సుద్దతోనైనను గుర్తు పెట్టుడు.

మా ఊర జీపు లేదు, మాకీ గోల యేల యందురేమో. ట్రాక్టరు లేని ఊరున్నదా? రోటవేటరును త్రిప్పు షాఫ్టునకును ఈ కీళ్ళే. అది సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా క్షణమునకు 9 చుట్లు. పంచె కొంగు దానికి చిక్కినచో అరచునంత వ్యవధి యుండదు. దానిపై కంపెనీవారు అమర్చిన ప్లాస్టిక్కు తొడుగును అడ్డమని తీసివేయువారు కలరు. మీ మాట వినువారున్నచో ఆ తొడుగును తిరిగి పెట్టింపుడు. అది తిరుగుచుండగా నెవ్వరిని దాటనీయకుడు.

నా బండి ఇప్పుడు లంబసింగి కనుమను అదురు లేకుండ ఎక్కుచున్నది. మొన్న పిన్నిగారు మరల ఎక్కిరి. కూర్చుండుటకు ముందు, “నాయనా, కందెన పెట్టావా?” అని యడిగిరి. పెట్టితినంటిని. కుర్రవాడు మాత్రము రాళ్ళు రెండు సీటు క్రింద దాచి తెచ్చెను. ఇద్దరిలో నెవ్వరిని నేను తప్పుపట్టలేదు.

సెలవు.