చదువుకొనుట, చదివించుట

మన భాషలో ‘చదువు’ అను ధాతువునకు ‘కొను’ చేరగా చదువుకొనుట యగును. ఆ పని ఫలము చేసినవానికే చెందునను భావము అందు స్ఫురించును. ‘ఇంచు’ చేరగా చదివించుట యగును. ఒకని చదువు వెనుక వేరొకరి పూనిక కలదని అది తెలుపును. విద్య వ్యక్తికొఱకా, సంఘముకొఱకా యను వాదము చెవిని బడినప్పుడెల్ల నాకీ రెండు మాటలును జ్ఞప్తికి వచ్చుచుండును. ఒక్క ధాతువున పుట్టిన యీ రెంటిని విడదీసి, ఇది తనకు, అది పరులకు అని పంచిపెట్టుట పొసగునా యను నా సందేహమును తీర్చినది శాస్త్రగ్రంథము కాదు. నెల్లూరు జిల్లాలో నాట్లు వేసి, కలుపు తీసి బ్రదుకు కూలి స్త్రీల చరిత్ర.

1991 జనాభా లెక్కల ప్రకారము నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండిన స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు నూటికి 33 మందికి లోపే. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వెలసినది. కేరళమున ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యతకు త్రోవ చూపినది. ఆ త్రోవనే నెల్లూరు జిల్లా 1991లో ‘అక్షరదీపం’ పేర వయోజనులకు చదువు చెప్పుటకు పూనుకొనినది. కళాజాత బృందములు ఊరూర పాటలు పాడి, వీథినాటకములాడి జనమును పిలిచినవి. పగలెల్ల మోకాటిలోతు బురదలో నిలిచి, ఇల్లు చేరి పొయ్యి రాజేసి, బిడ్డలకింత పెట్టి నిద్రపుచ్చిన పిమ్మట, ఆ తల్లులు పలకలు పట్టుకొని రాత్రిబడికి వచ్చి, తమ బిడ్డల యీడు వాలంటీర్ల యెదుట కూర్చుండి అక్షరములు దిద్దిరి. ఆ దృశ్యమును తలచినప్పుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును.

వారి వాచకమున సీతమ్మ యను స్త్రీ కథ యొకటి యుండెను. సారావలన ఆమె సంసారము చితికిపోయిన కథ. వ్రేలితో అక్షరమక్షరము తాకుచు దానిని కూడబలుకుకొనుచున్న స్త్రీలకు, ఆ కథలోని యిల్లు తమ యిల్లే యని తోచినది. కూలిడబ్బులు సాయంకాలమునకు సారా ప్యాకెట్ల పాలగుటయు, పిల్లలు పస్తులుండుటయు, దెబ్బలు తినుటయు వారెఱుగని సంగతులా? ఎఱుగుదురు, మిక్కిలిగా ఎఱుగుదురు. కాని యా రాత్రివఱకు ఎవరి కడుపుకోత వారిదే. ప్రతి స్త్రీయు అది తన నుదుటివ్రాత యనుకొని నాలుగు గోడల నడుమ దాచుకొనినదే. అదియే అచ్చులో పడి, అందఱి యెదుట చదువబడి, ‘ఇది మా ఊరి కథయే’ యని పదిమంది నోట వచ్చిన క్షణమున, తలవ్రాత కాస్త సమస్య యయ్యెను. తలవ్రాతకు ఏడ్చుట తప్ప మార్గము లేదు; సమస్యకు పరిష్కారము వెదుకవచ్చును. విద్య చేయు మహత్కార్యము ఈ మార్పేయని నేను నమ్ముచున్నాను.

దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు ముందునకు వచ్చి, ఊరిలో సారా అమ్మరాదని కొట్టును మూయించిరి. 1992లో ఆ వార్త ఊరినుండి ఊరికి ప్రాకెను. ఆ గ్రామస్థుల పోరాటమే తరువాతి వాచకములో పాఠమై, ఇతర గ్రామముల రాత్రిబడులలో చదువబడెను. పాఠము చదివినవారు తామే పాఠమగుట, ఆ పాఠము మఱికొందఱిని కదిలించుట విద్యాచరిత్రలో అరుదైన సంఘటన. సారా బండ్లు ఊరి పొలిమేరనుండియే తిరిగిపోయినవి. జిల్లాలో సారా వేలములు మాటిమాటికి వాయిదాపడినవి. తుదకు 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా అమ్మకము నిషేధింపబడెను. ఇదంతయు అక్షరములే చేసినవని నేననను. వారి దుఃఖము అక్షరములకంటె ముందే యున్నది, ధైర్యమును వారిదే. ఆ ధైర్యములన్నియు ఒకచోట కూర్చుండుటకు చోటిచ్చినది మాత్రము రాత్రిబడి.

‘కోటి విద్యలు కూటికొఱకే’ యను సామెతను చదువుకొనినవారు కొంత చులకనగా తలచుట కలదు. నాకది న్యాయముగా తోచదు. ఆ స్త్రీలకు చదువువలన ఉద్యోగము రాలేదు, జీతము రాలేదు. ఐనను వారి చదువు కూడు పెట్టినది, సారా త్రాగివేయుచున్న కూడును తిరిగి కంచములోనికి తెచ్చినది. నేడు పరీక్షల కాలమున పత్రికల పుటలనిండ ర్యాంకుల సంఖ్యలు, బాలబాలికల ముఖములు అచ్చగుచున్నవి. ఆ బిడ్డల శ్రమను గౌరవింపవలసినదే. కాని పదునేడేండ్ల ప్రాయమున తన ప్రక్కన కూర్చున్నవానిని తనను దాటిపోవు ప్రత్యర్థిగా మాత్రమే చూచుట నేర్పు చదువు, ఆ రాత్రిబడి నేర్పినదానికి సరిగా విరుద్ధమైనది నేర్పుచున్నదని నాకు బాధ కలుగుచున్నది.

చదువు ఒక్కరి సొత్తు కాదను సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే ఆ సంవత్సరముననే ‘వివేకవర్ధని’ని వెలువరించిరి, 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. బడి, పత్రిక, పెండ్లిపందిరి వారికొకే పని. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినను, 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినను, కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములుంచి రేవు రేవునకు చేర్చినను, అందఱి తలంపు ఒక్కటే: బడిలో వెలిగిన దీపము బడి ముగిసిన పిదప ఆఱిపోరాదని. రాత్రిబడి ముగిసిన పిమ్మట చేతికి పుస్తకమందని పల్లెలలో, కష్టపడి నేర్చిన అక్షరములు కొన్ని యేండ్లకే మఱుగున పడును. ఆ లోపము నేర్చినవారిది కాదు.

పదునాలుగేండ్లలోపు బిడ్డలందఱికి ఉచిత నిర్బంధవిద్యను పదేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని 1950 నాటి రాజ్యాంగము ఆదేశించెను. అది హక్కుగా అమలులోనికి వచ్చినది 2010 ఏప్రిల్ 1న. నడుమ అఱువదియేండ్లు గడచినవి. అక్షరదీపము నెదుట కూర్చుండిన తల్లులలో పలువురు ఆ జాప్యమున బాల్యము పోగొట్టుకొనినవారే.

ఆ తల్లుల పోరాటమునకు పిమ్మట రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము 1995లో వచ్చి, 1997లో సడలిపోయెను. ఐనను నెల్లూరు స్త్రీలు నాడు కూడిన కూటములు చెదరలేదు. దినమునకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపు సంఘములు ‘పొదుపులక్ష్మి’ పేర అక్కడ అల్లుకొనినవి. సంఘము కూడిననాడు పుస్తకము చేతికి రాగానే, ఒకనాడు సీతమ్మ కథను వ్రేలితో తడవి చదివిన ఆ తల్లియే, తన పేరెదుటి అంకెలను మెల్లగా పైనుండి క్రిందికి కూడుకొని, మొత్తము సరిపోయినదని చెప్పి, ప్రక్కనున్నామెకు పుస్తకమందించును.