యూట్యూబ్‌లో దొరకని పాట

ఒక పాట గురించి చెబుతా. వెతక్కండి, దొరకదు. యూట్యూబ్‌లో లేదు, స్పాటిఫైలో లేదు, రీల్స్‌లో అసలే లేదు. ఆ పాట విన్నవాళ్లం మొత్తం ఓ నలభై మందిమి ఉంటామేమో. అందులో నేనొకణ్ని. ఆ నలభై మందీ దాన్ని పూర్తిగా వినకుండా చేసిందీ నేనే.

అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పందిట్లో మొదలైన పిచ్చి

మాది తెనాలి. వినాయక చవితి వస్తే మా వీధిలో తొమ్మిది రోజులూ పండగే గానీ, నాకు మాత్రం ఆర్కెస్ట్రా పెట్టిన రోజే అసలు పండగ. సాయంత్రం ఆరింటికే వెళ్లి స్టేజీ ముందు పట్టా మీద చోటు పట్టేసేవాణ్ని. ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఇద్దరు సింగర్లు. కావాల్సిన పాట చీటీ మీద రాసి, దానికి పది రూపాయల నోటు చుట్టి పైకి పంపితే చాలు. సింగర్ మన పేరు మైకులో చదివి మరీ పాడేవాడు. ఆ రోజు ఇంటికెళ్తే నిద్ర పట్టేది కాదు.

అక్కడ నేనొక లెక్క నేర్చుకున్నా. పాట అంటే సినిమా పాట. బాగా పాడాడు అంటే అచ్చం క్యాసెట్‌లో ఉన్నట్టే పాడాడు అని. ఈ లెక్క ఎంత తప్పో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మూడున్నర వేలు, నలభై ఏడు వీడియోలు

2018లో మాదాపూర్‌లో ఉద్యోగం. రెండో జీతం రాగానే పెద్ద కాన్సర్ట్‌కి టికెట్ కొన్నా. మూడున్నర వేలు. నేను చిన్నప్పటి నుంచి పిచ్చిగా వింటున్న ఆయన పాడుతున్నాడు మరి! తీరా లోపలికెళ్తే స్టేజీ అగ్గిపెట్టంత ఉంది. ఆయన్ని ఎల్ఈడీ తెర మీద చూశాం. కాసేపటికి ముందు వరుసల వాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. దాంతో తెర కూడా కనబడక, వాళ్ల ఫోన్లలోనే చూశాం. నేను మాత్రం తక్కువ తిన్నానా? నలభై ఏడు వీడియోలు తీశా.

బయటికి రావడానికి పార్కింగ్‌లో రెండు గంటలు. మర్నాడంతా చెవుల్లో ఒకటే గుయ్యిమని మోత. ఆ నలభై ఏడు వీడియోల్లో ఇవాళ్టి వరకూ ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. చూసిన రెండు ముక్కల్లోనూ ఆయన గొంతు కంటే నా అరుపులే గట్టిగా వినిపించాయి.

అంతా వృథా అనను. పల్లవి మొదలవగానే కొన్ని వేల మంది ఒకేసారి గొంతు కలిపినప్పుడు ఒళ్లు జలదరించింది. అది నిజం. కానీ ఆ రాత్రి ఆయన కొత్తగా ఏం పాడాడు అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బండరాయి పక్కన

ఆఫీసులో ఒక ఫ్రెండ్ ఉండేవాడు. 'అరే, ఒక్కసారి లామకాన్ రా మామా' అని నెల రోజులు సతాయించాడు. బంజారాహిల్స్‌లో, జీవీకే మాల్‌కి దగ్గర్లోనే. ఒకప్పటి ఇల్లు. 2010 నుంచి నాటకాలకీ, పాటలకీ, చర్చలకీ తలుపులు తెరిచి పెట్టింది. పక్కనే పెద్ద బండరాయి, ఆరుబయట మెట్లు, చాయ్, సమోసా. మందు ఉండదు, వీఐపీ గ్యాలరీ ఉండదు. ముందొచ్చిన వాళ్లు ముందు కూర్చుంటారు, అంతే.

ఆ సాయంత్రం నలుగురు కుర్రాళ్లు వాయించారు. గిటార్ వాయించేవాడి వేళ్లు తీగల మీద జారుతున్న చప్పుడు కూడా వినబడింది నాకు. ఒకచోట డ్రమ్మర్ తాళం తప్పాడు. బేస్ గిటార్ అబ్బాయి అతని వైపు చూసి నవ్వాడు, నాలుగు దెబ్బల్లో మళ్లీ కలిసిపోయారు. మా పందిట్లో అయితే దాన్ని తప్పు అనేవాళ్లం. ఇక్కడ నాకు అదే నచ్చింది. అది ఆ రాత్రికి మాత్రమే జరిగింది. ఇంకెక్కడా దొరకదు.

అప్పటి నుంచి వాళ్లు ఎక్కడ వాయిస్తే నేనక్కడ. బ్యాండ్ పేరు చెప్పను. వాళ్లిప్పుడు వేరే జీవితాల్లో ఉన్నారు. నలుగురివీ పగలు ఉద్యోగాలే. పబ్బుల్లో వాయించేవాళ్లు, కాఫీ షాపుల్లో వాయించేవాళ్లు. 2019 ఐపీఎల్ టైమ్‌లో ఒక చోట చూడాలి వాళ్ల అవస్థ! గోడ మీద మ్యాచ్, మూలన బ్యాండ్. సిక్స్ కొడితే హాలంతా ఈలలు. పాట అయిపోతే నేనూ, ఇంకో టేబుల్ వాళ్లూ కొట్టే చప్పట్లు.

ఆ శనివారం

2020 ఫిబ్రవరి. ఒక చిన్న కాఫీ షాప్. నలభై మంది ఉన్నారు, మంచి ఊపు మీద ఉన్నారు. మూడు సినిమా పాటలయ్యాక సింగర్ గొంతు సవరించుకున్నాడు. 'ఇది మా సొంత పాట. తెలుగులోనే రాసుకున్నాం' అన్నాడు. మెల్లగా మొదలుపెట్టాడు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు ఫోన్లు తీశారు.

అప్పుడు నేను అరిచా. 'అన్నా, మామూలుది వెయ్యన్నా!' అని ఒక హిట్ పాట పేరు చెప్పా. ఇంకో నలుగురు అందుకున్నారు. అతను నవ్వాడు. వెనక్కి తిరిగి డ్రమ్మర్‌కి సైగ చేశాడు. పాట మారిపోయింది. జనం లేచి గంతులేశారు. రాత్రిని నేనే నిలబెట్టానని లోపల గర్వం కూడా!

రెండు వారాల తర్వాత ఇంకో ప్రోగ్రామ్‌కి సామాన్లు మోయడానికి సాయం వెళ్లా. అక్కడ తెలిసింది ఈ పని వెనక ఎంత ఉందో. సాయంత్రం ఏడింటి పాటకి మూడింటికే వచ్చి సౌండ్‌చెక్ చెయ్యాలి. డ్రమ్మర్ ఒక్క కిక్ డ్రమ్మునే పది నిమిషాలు తంతూ ఉంటాడు, అవతల మిక్సర్ దగ్గరవాడికి సరిపోయే దాకా. సింగర్ ముందు నేల మీద వాలుగా పెట్టే స్పీకర్ని మానిటర్ అంటారు. అది మనకోసం కాదు, అతని గొంతు అతనికి వినబడటానికి. అది సరిగా లేకపోతే ఎంత మంచి గాయకుడైనా శ్రుతి తప్పుతాడు. ఇంతా చేస్తే ఆ రాత్రి వచ్చింది పన్నెండు వేలు. రిహార్సల్ గది అద్దె, క్యాబులు, తెగిన తీగలు పోను మనిషికి పదిహేను వందలు మిగిలాయి.

తీగలు చుడుతూ డ్రమ్మర్ మామూలుగా అన్నాడు. 'ఆ రోజు పాడిన సొంత పాట ఉందే, వాడు ఆర్నెల్లు రాసుకున్నాడు దాన్ని. జనం ముందు పాడటం అదే ఫస్ట్ టైమ్.'

సారీ చెప్పాలనుకున్నా. ఈసారి కలిసినప్పుడు చెబుదాంలే అనుకున్నా. ఆ ఈసారి రాలేదు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. స్టేజీలన్నీ మూతపడ్డాయి. డ్రమ్మర్ బెంగళూరు వెళ్లిపోయాడు. ఇంకొకడు ఇల్లు గడవక గిటార్ అమ్మేశాడు. బ్యాండ్ అయిపోయింది.

సొంత పాటకి ఎవరు చప్పట్లు కొట్టాలి?

ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే చౌరస్తా బ్యాండ్ వాళ్లు కరోనా మీద చేసిన 'చేతులెత్తి మొక్కుతా' పాట ఫోన్లన్నీ చుట్టేసింది. అంతకుముందే 'ఊరెళ్లిపోతా మామా' అని మనల్నందరినీ ఊగించారు వాళ్లు. సినిమా లేదు, హీరో లేడు. మన భాష, మన ఊరి బాణీ, దానికి కాస్త రెగె. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌కి బాణీ కట్టి తనే పాడాడు. ఇవాళ ఆ పాటలు పడని పెళ్లి బరాత్ ఉందా?

అందరికీ అంత అదృష్టం పట్టకపోవచ్చు. కానీ ప్రతి పాటనూ ఎవరో ఒకరు మొదటిసారి వినాల్సిందే కదా! తెలియని పాటని నాలుగు నిమిషాలు ఓపిగ్గా వినేవాళ్లు ఊళ్లో లేకపోతే, తెలిసిన పాటలే మిగులుతాయి.

ఆ ఓపిక ఎలా ఉంటుందో నాకు చూపించింది మా నాన్న. మొన్న ఫిబ్రవరిలో హైదరాబాద్ వస్తే చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి తీసుకెళ్లా. ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి కదా, ఆ రోజుల్లో ఊళ్లో ఎక్కడో ఒకచోట సంగీత విభావరి ఉంటుంది. పాడుతున్నది పేరున్న గాయకుడేం కాదు, రిటైరైన పెద్దాయన. కరోకే ట్రాక్ మీద పాడుతున్నాడు. హాల్లో ఒక్క ఫోనూ లేవలేదు. ఒకచోట ఆయన గొంతు బొంగురుపోయి ఆగిపోతే, ముందు వరుసలో ఒకావిడ మెల్లగా ఆ లైను అందించింది. ఆయన అందుకుని పూర్తి చేశాడు. అప్పుడు కొట్టారు చూడండి చప్పట్లు! నేను అరిచి పాట ఆపేశాను. ఆవిడ అందించి నిలబెట్టింది. ఇద్దరం ఆడియన్సే మరి.

పార్కింగ్‌లో ఒక పల్లవి

గతేడాది వేరే బ్యాండ్ ప్రోగ్రామ్‌కి వెళ్లా. నా ముందు వరుసలో ఎవరో తెలిసిన మొహం. అతనే. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడట, చిన్న పాప ఉందట. ప్రోగ్రామ్ అయ్యాక పార్కింగ్‌లో పట్టుకున్నా. 'అన్నా, ఆ రోజు అరిచింది నేనే' అన్నా. అతనికి గుర్తుంది. 'తెలుసు బ్రో. రోజూ వచ్చేవాడివి కదా, అందుకే నువ్వడిగితే మార్చా' అన్నాడు.

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆ పాట ఒక్కసారి పాడమని అడిగా. బైకుకి ఆనుకుని పల్లవి పాడాడు. బాణీ నాకూ గుర్తుంది, కూనిరాగం కలిపా. మొదటి చరణం తడుముకుంటూ పూర్తి చేశాడు. రెండోదానికి ఆగిపోయాడు. పాట రాసుకున్న ఫోన్ ఎప్పుడో పోయిందట. 'అక్కడ ఏదో వాన గురించి ఉండేది' అన్నాడు. గుర్తు చేసుకోవడానికి చాలాసేపు చూశాడు. నేనేం అందించగలను? ఆ చరణం నేను విననేలేదు.

మీరూ వెళ్తారా?

ఇప్పటికీ నెలకి రెండు ప్రోగ్రాములు చూస్తా. కొత్తగా వెళ్లేవాళ్లకి నాకు తెలిసినవి నాలుగు.

చెవులు జాగ్రత్త. 85 డెసిబెల్స్ శబ్దం దగ్గర ఎనిమిది గంటల వరకు పర్లేదంటారు. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగానికి పడిపోతుంది. అంటే 100 దగ్గర పావుగంటే! కాన్సర్ట్‌లలో సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. స్పీకర్‌కి దూరంగా నిలబడండి, జేబులో ఇయర్‌ప్లగ్స్ ఉంచుకోండి.

చిన్న టికెట్‌తో మొదలుపెట్టండి. 500 రూపాయల వరకు కాన్సర్ట్ టికెట్ మీద జీఎస్టీ లేదు. 

టైమ్‌కి వెళ్లండి. ఆరుబయట రాత్రి పదికి మైకు కట్టేయాలన్నది రూలు. మీరు లేటుగా వెళ్తే పాటలు మీకోసం ఆగవు. చివరి మెట్రో ఎప్పుడో కూడా ముందే చూసుకోండి.

ఆఖరుది. సింగర్ 'ఇది మా సొంత పాట' అనగానే ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి టేబుల్ మీద బోర్లా పెట్టేయండి. మొహానికి అడ్డం వద్దు, అరుపులు వద్దు. పాట అయ్యాక ఆ ఆడియో వాళ్లకే పంపండి. ఎప్పుడైనా వాళ్లు మర్చిపోతే రెండో చరణం అందించడానికి ఒకరుండాలి కదా!