పిత్తనాళానికి కుట్టు వేయడమంటే...

కాలేయంలో ఊరే పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళం ఎంత లావుంటుందో తెలుసా? ఆరోగ్యవంతుల్లో లోపలి వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లే. కాలేయంలో మాత్రం రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా రసం ఊరుతుంది. ఆ సన్నటి దారికి వేసిన కుట్టు వదులైతే రసం కడుపులోకి కారుతుంది. మరీ బిగిస్తే నాళం ఇరుకై కామెర్లు పట్టుకుంటాయి.

సర్జన్ల దారాల లెక్క తిరకాసుది. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పిత్తనాళానికి ఎక్కువగా వాడే 5-0 (అంటే ఐదు సున్నాల) దారం మందం మిల్లీమీటరులో పదోవంతు కంటే కాస్త ఎక్కువ. 6-0 అంతకంటే సన్నం.

ఒకప్పుడు పట్టుదారంతో కుట్టేవారు. అది కరగదు. నాళంలో మిగిలిన ముడి చుట్టూ పైత్యరసంలోని మడ్డి పేరుకుని, ఏళ్లు గడిచాక రాయి కట్టేది. నాళంలోని రాళ్లు తీయడానికి వెళ్లి కొత్త రాయికి విత్తనం నాటి వచ్చినట్టే! అందుకే ఇప్పుడు శరీరంలోనే కరిగిపోయే దారాలు వాడుతున్నారు. వాటిలో పాలీడయాక్సనోన్ కరగడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ముడులు కూడా వీలైనంతవరకు నాళం బయటే ఉండేలా చూస్తారు.

విడివిడి కుట్లు మంచివా, ఒకే దారంతో చుట్టూ కుట్టుకుపోవడం మంచిదా? సర్జన్ల మధ్య ఇది పాత పేచీ. విడికుట్లలో ఒకటి ఊడినా పక్కవి పట్టుకుని ఉంటాయి. ఒకే దారమైతే పని త్వరగా తెములుతుంది, ఖర్చూ తక్కువ. కానీ చెయ్యి కాస్త బిగిసిందా, నాళం మూతి ముడుచుకుపోతుంది. రెంటినీ పోల్చిన అధ్యయనాల్లో లీకుల్లోగానీ, ఇరుకవడంలోగానీ పెద్ద తేడా తేలలేదు. చాలామంది మధ్యేమార్గంగా వెనకవైపు ఒకే దారంతో, ముందువైపు విడికుట్లతో కానిచ్చేస్తారు.

నన్నడిగితే ఆ పేచీకంటే రక్తం సంగతి పెద్దది. పిత్తనాళాన్ని పోషించే రక్తనాళాలు దానికి రెండు పక్కలా, గడియారంలో 3, 9 అంకెలుండే చోట నిలువుగా పాకుతాయి. కుట్టడానికి వీలవుతుందని నాళాన్ని చుట్టూ ఒలిచేస్తే అవి తెగుతాయి. అప్పుడు ఎంత ఖరీదైన దారం వాడినా, ఎంత పొందికగా కుట్టినా అతుకు కొన్నాళ్లకు ఇరుకైపోతుంది.

నాళం పూర్తిగా తెగితే, రెండు కొసలూ లాగి కలపడం కంటే చిన్నపేగును పైకి తెచ్చి అతికించడమే మేలని చాలామంది నమ్మకం. లాగి కుట్టిన అతుకు నిలవడం కష్టం. పేగును ‘వై’ ఆకారంలో అమర్చే ఈ పద్ధతికి స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూ పేరు స్థిరపడింది. ఆయన దాన్ని వాడింది జీర్ణాశయం ఆపరేషన్లకు!

ఈ చిన్న గొట్టం ఒక ప్రధానిని కూడా ఏడిపించింది. 1953 ఏప్రిల్‌లో లండన్‌లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆంథొనీ ఈడెన్‌కు గాల్‌బ్లాడర్ తీస్తుండగా పిత్తనాళం దెబ్బతింది. జూన్‌లో ఆయన అమెరికా వెళ్లి, బోస్టన్‌లో రిచర్డ్ కేటెల్ చేత దాన్ని బాగుచేయించుకున్నారు. 1955లో ప్రధాని అయ్యారు. 1956లో సూయజ్ కాలువ గొడవ ముదిరిన వేళ ఆ పాత జబ్బే తీవ్ర జ్వరంగా తిరగబెట్టింది. 1957 జనవరిలో అనారోగ్య కారణంతో రాజీనామా చేశారు. అదే ఏడాది కేటెల్ మళ్లీ కత్తి పట్టాల్సి వచ్చింది.

నాళం కోసి రాళ్లు తీశాక ‘టి’ ఆకారపు గొట్టం పెట్టి, రసాన్ని కొన్నాళ్లు బయటి సంచిలోకి వదలడం జర్మన్ సర్జన్ హాన్స్ కేర్ నాటి ఆచారం. ఇప్పుడు చాలాచోట్ల గొట్టం లేకుండా నేరుగా కుట్టేస్తున్నారు. దానివల్ల ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగిందా? తర్వాత కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కడుపునొప్పి తగ్గకపోయినా, వణుకుతో జ్వరం వచ్చినా పసరుమందు వెతక్కండి. ఆ రోజే సర్జన్‌కు చూపించండి.